చీకటి పడితే కీ.శే.

ఆక్లాండ్‌లోని మౌంట్ ఆల్బర్ట్‌లో రైల్వే స్టేషన్‌కి కాస్త అవతల ఒక అద్దాల కొట్టుంది. చీకటి పడ్డాక దాని ముందు నుంచి మన తెలుగువాళ్లెవరూ నడవరు. తప్పనిసరైతే రోడ్డు దాటి అవతలి ఫుట్‌పాత్ మీద నుంచి పోతారు, అదీ తల తిప్పకుండా. కార్లో వెళ్లేవాళ్లయితే వెనక సీట్లో పిల్లల్ని ఐప్యాడ్ చూసుకోమంటారు. మామూలప్పుడు అదే ఐప్యాడ్ లాక్కుని తిట్టేవాళ్లే.

ఒకప్పుడది మాంసం కొట్టు. గోడలకి తెల్ల పలకలు, పైన దూలానికి ఇనప కొక్కేలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. ఏళ్ల తరబడి ఖాళీగా పడుంటే మన తెలుగు సంఘం అద్దెకి తీసుకుంది. ఆదివారం పిల్లలకి అ ఆలు, మిగతా రోజుల్లో తాళం. లోపలి గోడకి పెద్ద టీవీ బిగించి, అద్దంలోంచి రోడ్డు మీదికి కనపడేలా పెట్టారు. అందులో సంఘం శాశ్వత సభ్యులు ఒకరి తర్వాత ఒకరు వస్తుంటారు. ఫొటో, పేరు, కింద వాళ్ల గొప్పతనం రెండు ముక్కలు. పేరు ముందు 'శ్రీ'. ఆ 'శ్రీ' కోసమే సగంమంది సభ్యులయ్యారంటారు గిట్టనివాళ్లు. గిట్టేవాళ్లూ అదే అంటారు.

పగలంతా బాగానే ఉంటుంది.

చీకటి పడ్డాకే...

'శ్రీ' పోతుంది. దాని చోట 'కీ.శే.' వస్తుంది.

మొదట చూసినవాడు రాఘవ్. చదువుకోడానికి వచ్చి, ఇక్కడే ఉద్యోగం వెతుక్కుని సెటిలైన కుర్రాడు. ఏప్రిల్‌లో చలికాలం టైముకి గడియారాలు గంట వెనక్కి తిప్పాక ఒక సాయంత్రం ట్రైన్ దిగి నడుస్తుంటే, అద్దంలో తన ఫొటో. నవ్వుతున్న ఫొటో. కింద... కీ.శే. రాఘవ్. ఇంటిదాకా ఆగకుండా పరిగెత్తాడు. మర్నాటికి ఒళ్లు కాలిపోయే జ్వరం. ఆక్లాండ్‌లో చలి మొదలయ్యాక జ్వరం రానిదెవరికి? వాడి ఆఫీసులో పక్క సీటువాడికీ వచ్చింది, ఆ పక్కసీటువాడి పేరు ఏ టీవీలోనూ పడలేదు. ఆ మాట ఒక్కరూ అనలేదు.

తర్వాత మంగతాయారు ఆంటీ. చూసింది ఒక్క క్షణం, చెప్పడం మాత్రం నెలంతా చెప్పింది. 'కీర్తిశేషురాలు' అని పూర్తిగా, గుండ్రంగా రాసుందట. ఫొటోకి చామంతుల దండ వేసుందట. అక్షరాల్లోంచి పొగ కూడా వచ్చిందట. "నా కళ్లతో నేను చూశానే తల్లీ" అని ఫోను చేసి మరీ, ఒకే మనిషికి రెండేసిసార్లు చెప్పింది.

ఇక ఆ మర్నాటి నుంచి కొట్టు గుమ్మం ముందు నిమ్మకాయలు పడడం మొదలైంది. ఈ దేశంలో పెరటికో నిమ్మచెట్టుంటుంది. కాయలు ఎక్కువైతే ఇక్కడివాళ్లు బుట్టలో పోసి గేటు బయట పెడతారు, కావాల్సినవాళ్లు తీసుకుపోతారు. మనవాళ్లు దిష్టి తీసి పడేసినవి కూడా అలాంటివే అనుకుని, డెయిరీ అనే పక్క కిరాణా కొట్లో పాలూ బ్రెడ్డూ కొనుక్కోడానికి వచ్చిన ముసలి దొరలు వాటిని ఏరుకుని, కుంకం తుడుచుకుని, ఇంటికి పట్టుకెళ్లి కేకుల్లో పిండుకున్నారు. వాళ్లకేం కాలేదు. అది చూసైనా మనవాళ్లకి బుద్ధి రావాలా? "చూశారా, అది మన తెలుగువాళ్లనే పడుతోంది" అన్నారు.

ఆ కొట్టు కసాయి ఆ కొక్కేనికే ఉరేసుకున్నాడని ఒక కథ కూడా పుట్టించారు. ఆయన నిక్షేపంగా టౌరంగాలో కూతురింట్లో ఉన్నాడని డెయిరీ ఆయన నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పినా వినలేదు. పోనీ ఆ కసాయే దెయ్యమయ్యాడనుకుందాం. కీర్తిశేషులు అనే మాట, అదీ పొడి అక్షరాల్లో, ఆ దొరకి ఎవరు నేర్పారు?

ఇదంతా విని పెదవి విరిచిన మనిషి ఒక్కతే ఉంది. హేమశ్రీ. డేటాబేసులతో పని చేసే ఉద్యోగం, నోరు కాస్త పదును. "పగలంతా క్లౌడ్ క్లౌడ్ అంటారు, పొద్దుగూకేసరికి నిమ్మకాయలు పట్టుకుంటారు" అనేది. భర్త శశాంక్‌దీ ఐటీనే. ఆఫీసులో సెక్యూరిటీ మీద పాఠాలు చెప్పే ఆ మహానుభావుడు, ఇంటికొచ్చేటప్పుడు ఆ కొట్టు తగలకుండా రెండు వీధులు చుట్టు తిరిగి డ్రైవ్ చేసుకుంటూ వస్తాడు. ట్రాఫిక్ అంటాడు.

హేమశ్రీ ఎన్నడూ ఆ టీవీ వంక చూడలేదు. ఆదివారం బడిలో పాఠాలు చెబుతుందని తన పేరూ అందులో ఎక్కించారు, ముందు ఏ బిరుదూ వద్దంది; చూడాల్సినంత విషయం అందులో ఉందనుకోలేదు. కానీ ఆ సోమవారం వాళ్ల నాన్న చూశాడు.

వాళ్ల నాన్న రామలింగేశ్వరరావు. కరెంటాఫీసులో ఇంజనీరుగా చేసి రిటైరై, భార్య పోయాక కూతురి దగ్గరే ఉంటున్నాడు. దెయ్యాలంటే నమ్మకం లేదు, ఎవరైనా ఆ మాటెత్తితే కసురుకునేవాడు. తలరాత అంటే మాత్రం తిరుగులేని నమ్మకం.

ఆయన గుండె రక్తనాళాల్లో పూడికలు. బైపాస్ చెయ్యాలన్నారు. గవర్నమెంటు ఆస్పత్రి లైనులో నెలల తరబడి పడిగాపులు పడగా పడగా, గురువారం పొద్దున వచ్చి చేరమని కబురొచ్చింది. ఈసారి వదులుకుంటే మళ్లీ లైను చివరికి పోవాల్సిందే. అందాకా ఆ గుండె ఓపిక పట్టదని డాక్టరమ్మ మొహమాటం లేకుండానే చెప్పింది.

సోమవారం సాయంత్రం కాసేపు నడిచొస్తానని వెళ్లిన మనిషి, చీకటి పడ్డాక వచ్చాడు. చలికోటు విప్పలేదు. బూట్లు విప్పలేదు. సోఫా అంచు మీద కూర్చున్నాడు.

"నాన్నా... ఏమైంది?"

"చూశానమ్మా."

"ఏం చూశావు?"

"నా పేరు."

గొంతు చాలా మెల్లగా ఉంది. హేమశ్రీ పొయ్యి ఆపేసి వచ్చి పక్కన కూర్చుంది. "నాన్నా, ఆ పిచ్చి మాటలు నువ్వు కూడానా... దెయ్యాలుంటాయా?"

"దెయ్యమని నేనన్నానా? రాసేశాడమ్మా."

"ఎవరు?"

"రాసేవాడు." ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని వాటివంకే చూసుకున్నాడు. "పేరు ముందు పెట్టేశాడు. ఎలాగూ రాసేశాక ఆ కోతలెందుకు చెప్పు. గురువారం నేను రాను. పోయేదేదో ఇంట్లోనే పోతాను."

మంగళవారమంతా హేమశ్రీ బతిమాలింది, అరిచింది, ఏడ్చింది. ఆయన అన్నిటికీ తలూపాడు, ఒక్కదానికీ ఒప్పుకోలేదు. శశాంక్ మధ్యలో దూరి "మావయ్యగారూ, పోనీ ఏదైనా శాంతి చేయిద్దామా" అన్నాడు. హేమశ్రీ చూసిన చూపుకి, ఆ పూట మళ్లీ నోరు తెరవలేదు.

ఆ రాత్రి ఆమెకి నిజంగా భయమేసింది. టీవీలో పేరుకి కాదు. మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్న నాన్నని చూసి. బతకనని నిశ్చయించుకున్న మనిషిని ఏ డాక్టరు బతికిస్తాడు?

బుధవారం ఆఫీసు నుంచి నేరుగా కొట్టుకే పోదామనుకుంది. తాళం కోసం వీరభద్రానికి ఫోన్ చేసింది.

వీరభద్రం అంటే సంఘం కార్యదర్శి. ఊరికి అవతలి కొసన ఫ్లాట్ బుష్‌లో పెద్ద ఇల్లు. సంఘం వెబ్‌సైటూ, ఈ టీవీ, రెండూ ఆయన చేతిలోనే. "మొత్తం ఒంటిచేత్తో నడుపుతున్నా" అని ప్రతి మీటింగులోనూ అంటాడు. అది నడిచే తీరు చూస్తే ఒంటిచేత్తోనే అని ఎవరైనా ఒప్పుకుంటారు.

"అంకుల్, కొట్టు తాళం కావాలి."

"దానిదేముందమ్మా, రేపు పగలు తీసుకో."

"రేపటికి నాకు పనికిరాదు. ఇప్పుడే కావాలి."

పక్కన ఎవరైనా వింటారేమో అన్నట్టు గొంతు తగ్గించి, "చీకటి పడ్డాక నేనా తలుపు తియ్యనమ్మా... నా పేరూ ఉంది అందులో" అన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

సరే, తాళం లేకపోతే అద్దముందిగా.

ఆమె వెళ్లేసరికి సన్నగా తుంపర పడుతోంది. జులై, ఇక్కడ నడిచలికాలం, ఐదున్నర దాటితే చిమ్మచీకటి. డెయిరీ కూడా మూసేశారు. వీధిలో మనిషి లేడు. కాలికింద ఏదో మెత్తగా చితికింది... చూసుకుంటే నిమ్మకాయ.

అద్దం దగ్గరికి వెళ్లి నిలబడింది. లోపల టీవీ వెలుగు. ఆ వెలుగులో పైన కొక్కేల నీడలు గోడ మీద ఇంత పొడుగున వేలాడుతున్నాయి.

టీవీ నల్లబడింది. మళ్లీ వెలిగింది.

వీరభద్రం. కోటు, టై. కింద— కీ.శే. వీరభద్రం.

ఉందన్న సంగతి ఆమెకి తెలుసు. అందరూ చెప్పిందే. అయినా కళ్లతో చూసేసరికి ఒకడుగు వెనక్కి వేసింది.

నల్లబడింది. వెలిగింది.

నాన్న.

పోయినేడాది పీహా బీచ్ దగ్గర తనే తీసిన ఫొటో. గాలికి జుట్టు రేగి, కళ్లు చికిలించి నవ్వుతున్నాడు. కింద— కీ.శే. రామలింగేశ్వరరావు.

ఫొటో అచ్చం దండ వేసి పెట్టేదే. పేపర్లో వేసేదే. రేపో ఎల్లుండో తనే ఎవరికో పంపాల్సినదే అనిపించింది. ఇక చాలు, వెళ్లిపోదామనుకుంది.

సరిగ్గా ఇక్కడే అందరూ వెళ్లిపోయారు. రాఘవ్ తన పేరు చూసి పారిపోయాడు, ఆంటీ తన పేరు చూసి పారిపోయింది, నాన్న తన పేరు చూసి తల వంచుకుని వచ్చేశాడు. తన పేరు తప్ప పక్కవాడి పేరు ఎవడికి కావాలి? ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, అక్కడ నిలబడి ఇంకో నాలుగు పేర్లు చదివుంటే ఊరికీ గోల ఉండేది కాదు.

హేమశ్రీ నిలబడింది. ధైర్యం కాదు, కాళ్లు కదల్లేదు.

నల్లబడింది... అద్దంలో ఎవరో ఆడమనిషి, జుట్టంతా తడిసి, తనవంకే చూస్తోంది. తన నీడే.

వెలిగింది.

మంగతాయారు ఆంటీ. దండ లేదు. పొగ లేదు. పట్టుచీర, చెవులకి దుద్దులు. కింద— కీ.శే.మతి మంగతాయారు.

హేమశ్రీ మళ్లీ చదివింది.

కీ.శే.మతి?

అదేం మాట? అద్దానికి ముక్కు ఆనించి చూసింది. అక్షరాలు మారిపోయే లోపే టీవీ నల్లబడింది. అయితే ఇప్పుడది భయం ఒక్కటే కాదు. ఏదో అందీ అందకుండా ఉంది...

వెలిగింది.

తనే. ఆదివారం బడిలో ఎవరో తీసిన ఫొటో, చేతిలో సుద్దముక్క. కింద—

హేమకీ.శే.

హడలిపోయింది. అది ఒక్క క్షణమే. మరు క్షణం పొట్ట పట్టుకుని, ఆ చీకట్లో, ఆ తుంపర్లో ఒక్కత్తీ పగలబడి నవ్వింది. అవతలి ఫుట్‌పాత్ మీద తల వంచుకుని పోతున్న ఎవరో ఆ నవ్వు విని పరుగు లంకించుకున్నారు. మనవాళ్లే అయ్యుంటారు.

ఎంత మొరటు దెయ్యమైనా మనిషిని చంపితే మొత్తం చంపుతుంది. 'హేమ'ని బతకనిచ్చి, 'శ్రీ' ఒక్కదాన్నీ పీక నులిమి చంపేది లోకంలో ఒక్కటే ఉంది. ఆమె రోజూ ఆఫీసులో చూసేదే, రోజూ తిట్టుకునేదే, ఒక మాట కనపడిన చోటల్లా తీసేసి ఇంకో మాట పెట్టే కంప్యూటరు కమాండు. రీప్లేస్.

వెంటనే వీరభద్రానికి ఫోన్ చేసింది. "అంకుల్, 'శ్రీ' తీసి 'కీ.శే.' పెట్టమని రీప్లేస్ ఎవరు రాశారు?"

"అది... పొద్దున మాట్లాడుకుందామమ్మా" అన్నాడు.

"మీరిప్పుడు తాళం పట్టుకుని రండి. రాకపోతే మీ కీ.శే. ఫొటో తీసి గ్రూపులో పెడతా. రేపు పొద్దున మీ ఇంటికి అందరూ పరామర్శకి అరటిపళ్లతో వస్తారు."

వచ్చాడు. మోటర్‌వే మీద ఎలా వచ్చాడో గాని తొందరగానే వచ్చాడు. కారు దిగలేదు. అద్దం రెండు వేళ్లు దూరేంత దించి తాళంచెవి బయట పెట్టాడు.

"లోపల... ఏమైనా ఉందా అమ్మా?"

"ఉంది. మీ క్వెరీ."

మాంసం కొట్టు చలి ఇంకా వదల్లేదన్నట్టుంది లోపల. సింకు కింద అట్టపెట్టెలో చిన్న కంప్యూటరు. వీరభద్రం ఎట్టకేలకి దిగొచ్చి, గుమ్మంలో ఒక కాలు లోపల, ఒక కాలు ఫుట్‌పాత్ మీద పెట్టి నిలబడ్డాడు. పాస్‌వర్డ్ ఏంటంటే సిగ్గుపడుతూ తన పేరే చెప్పాడు.

సంగతి ఇదీ. ఒక్కో సభ్యుడి పేజీ డేటాబేసులో పొడుగాటి హెచ్‌టీఎంఎల్ ముక్కగా పడుంటుంది. పేరు, ఫొటో ఎక్కడుందో చెప్పే దారి, రంగు, అక్షరాల సైజు చెప్పే గుర్తులు, అన్నీ ఒకే తాడుకి కట్టేసినట్టు. పాత కమిటీవాళ్లు తలో రంగూ పులిమేసి పోవడంతో కొందరి పేర్లు టీవీలో గులాబీ రంగులో మెరిసేవి. ఆ రంగు గుర్తులు చెరపడానికి వీరభద్రం రోజూ సాయంత్రం దానంతటది నడిచే క్వెరీ, అంటే కంప్యూటరుకి రాసిచ్చే ఆజ్ఞ, ఒకటి పెట్టాడు. పొద్దున్నే వెబ్‌సైటు నుంచి టీవీకి కొత్త కాపీ దిగుతుంది, సాయంత్రం ఈ క్వెరీ దాన్ని తుడుస్తుంది. అంతవరకూ బాగానే ఉంది. ఏప్రిల్‌లో అందులో ఇంకో లైను చేర్చాడు. 'శ్రీ' కనపడితే 'కీ.శే.' పెట్టు.

పెట్టమంటే పెట్టింది. దానికి మనిషి తెలీదు, పేరు తెలీదు, ఎవరు బతికున్నారో ఎవరు పోయారో తెలీదు. ఆ ఒక్క అక్షరం ఎక్కడ దొరికితే అక్కడ నరకడమే దాని పని. ఫొటోల దారులు ఇంగ్లీషులో ఉండబట్టి ఫొటోలైనా మిగిలాయి. అలా రోజూ పొద్దున ఊరంతా బతికింది, రోజూ సాయంత్రం చచ్చింది.

"అంకుల్, 'శ్రీ' పేరు ముందే ఉంటుందనుకున్నారా? శ్రీమతిలో లేదా? శ్రీనివాసులో లేదా? నాలో లేదా?"

"ఒక్కరికే రాశానమ్మా" అన్నాడు వీరభద్రం మెల్లగా. "ఒట్టు. ఒక్కరికే పడాలి. అందరికీ ఎలా పడిందో..."

"మీకు తెలీదు. దెయ్యానికి తెలుసు."

"అంటే, నేనూ నమ్మాననే అనుకో..."

ఆమెకి ఒళ్లు మండిపోయింది. తన చేత్తో తను రాసిన ముక్కని చూసి జడుసుకుని, పోయిన నెల ఇదే మనిషి కమిటీ చేత ఇక్కడ గుమ్మడికాయ కొట్టించాడు. "ఆ ఒక్కరూ ఎవరు?" అంది.

వీరభద్రం తలెత్తి కొక్కేల వంక చూశాడు. "ఎవరో... పాత సభ్యులమ్మా. గుర్తు లేదు."

ఆయనతో కూర్చుని గుర్తు చేయించే తీరిక ఆమెకి లేదు. తెల్లారితే గురువారం. నాన్నకి చూపించడానికి ఆ క్వెరీని ఫోన్‌తో ఫొటో తీసింది, 'హేమకీ.శే.'ని కూడా తీసింది. ఆ లైను చెరిపేసింది. కొత్త కాపీ దింపింది. టీవీ నల్లబడి వెలిగింది. శ్రీ రామలింగేశ్వరరావు.

తాళం వేస్తుంటే వీరభద్రం దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "ఈ సంగతి గ్రూపులో పెట్టకమ్మా... దెయ్యమనే అనుకోనీ. నాకు కాస్త పరువుంది."

ఆమె తాళంచెవి ఆయన చేతిలో పెట్టేసి ఇంటికి బయల్దేరింది. జవాబు చెబితే ఆ పరువు అక్కడికక్కడే పోయేది.

ఇంటికెళ్లేసరికి నాన్న డైనింగ్ టేబుల్ దగ్గర లైటు వేసుకోకుండా కూర్చున్నాడు. శశాంక్ పెట్టిన పెరుగన్నం అలాగే ఉంది. హేమశ్రీ లైటు వేసి, తడి బట్టలతోనే కూర్చుని, మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. 'హేమకీ.శే.' చూపించింది. ఆయన పెదవి కొసన నవ్వు కదిలింది.

"నా కూతుర్ని సగం చంపాడన్నమాట."

"చూశావా నాన్నా? రాత లేదు, ఏం లేదు. ఉత్త పొరపాటు."

ఆయన ఇంజనీరు. ఫ్యూజు ఎందుకు పోయిందో పూర్తిగా తెలిసేదాకా ఊరుకునే రకం కాదు. పొద్దుటి కాపీ అంటే ఏంటి, సాయంత్రమే ఎందుకు, మరి వెబ్‌సైటులో ఎందుకు మారలేదు, అన్నీ అడిగాడు. అన్నిటికీ తలూపాడు. ఆమెకి ఊపిరి వచ్చినట్టయింది.

"సరే" అన్నాడు. "అందరికీ పొరపాటున పడింది. మరి పొరపాటు కానిది ఎవరికి?"

"ఎవరో పాత సభ్యులన్నారు నాన్నా."

"ఏప్రిల్‌లో కదా రాశాడు... ఏప్రిల్‌లో మనవాళ్లెవరు పోయారు?"

హేమశ్రీ ఆలోచించింది. మార్చి... ఏప్రిల్... మే.

ఎవరూ పోలేదు.

ఆయన కళ్లజోడు పెట్టుకుని ఫోను అందుకున్నాడు. క్వెరీ ఫొటోని వేళ్లతో పెద్దది చేశాడు.

"ఇక్కడీ చుక్కా, కింద కామా... ఏంటిది?"

"సెమీకోలన్. అక్కడితో మాట అయిపోయినట్టు. దాని కింద ఏమున్నా మార్చడానికి లెక్కలోకి రాదు."

"నువ్వు చదివావా, కింద?"

చదవలేదు. మెషీను వదిలేసిందని తనూ వదిలేసింది. ఇన్నాళ్లూ ఊళ్లో అందర్నీ వెక్కిరించిన మనిషి, అద్దం ముందు అంతసేపు నిలబడిన మనిషి, చివరి లైను దాకా వెళ్లలేదు.

ఆయన వేలు ఫొటో మీద కిందికి జరిగింది. ఆగింది.

తర్వాత ఫోను ఆమె వైపు తిప్పి, టేబుల్ మీద పెట్టాడు.

సెమీకోలన్ కింద ఒకే ఒక్క లైను. ఫలానా పేరైతేనే మార్చు అని చెప్పే లైను. ఆ పేరు, ఇంటిపేరుతో సహా... రామలింగేశ్వరరావు.

హేమశ్రీకి ఉగాది రోజు గుర్తొచ్చింది. బైపాస్ అని తెలిసిన కొత్త. పచ్చడి గిన్నె పట్టుకుని వీరభద్రం వచ్చి, నాన్న చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, "మేమంతా లేమా బాబాయ్‌గారూ, ధైర్యంగా ఉండండి" అన్నాడు. అని, ఇంటికి పోయి, ఈ వయసులో ఆపరేషనంటే ఎలాగూ పోవడం తప్పదు కదా, చావు కబురొచ్చాక తీరిక ఉంటుందో ఉండదో అని... ముందే రాసి పెట్టుకున్నాడు. పేరూ సరిగ్గానే రాశాడు. అప్పటిదాకా దాన్ని ఆపి ఉంచడం మరిచాడు, పైగా సెమీకోలన్ లైనుకి ముందు పడింది. ఈ ఒక్క మనిషికి రాసిన చావు మూడు నెలలుగా ఊరందరికీ పడుతోంది.

అయిపోయిందనుకుంది. ఇప్పుడాయన ఏమంటాడో ఆమెకి తెలుసు. నేను చెప్పలా అమ్మా, నాకే రాశారు అంటాడు. పొద్దున లేచి ఆస్పత్రికి ఫోన్ చేసి రావట్లేదని చెప్పాలి. ఏడుపు ముంచుకొచ్చింది.

ఆయన కళ్లజోడు తీశాడు. తుడిచాడు. మళ్లీ పెట్టుకున్నాడు.

"అంటే... ఇది రాసింది ఆ వీరభద్రమా?"

"అవును నాన్నా."

"మొన్న మీటింగులో మైకు ఆన్ చెయ్యడం రాక, అరగంట హలో హలో అన్నాడే... ఆ వీరభద్రమేనా?"

"ఆయనే."

ఆయన కుర్చీ వెనక్కి తోసి లేచాడు. గొంతు వణుకుతోంది. అది నీరసం కాదని, కోపమని హేమశ్రీకి ఒక నిమిషం పట్టింది తెలియడానికి.

"బ్రహ్మ రాశాడనుకున్నానమ్మా. ఆయన రాస్తే తల వంచుకుని పోయేవాణ్ణే. వీరభద్రం రాస్తే పోతానా నేను?"

పెరుగన్నం గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. నాలుగు ముద్దలు గబగబా తిన్నాడు. తలెత్తకుండానే అడిగాడు.

"పొద్దున ఎన్నింటికి రమ్మన్నారు ఆస్పత్రికి?"

"తెల్లవారుజామునే నాన్నా."

"అలారం పెట్టు."